స్త్రీల వైద్యము: తెలిసి నిర్ణయించుకొను విధము

రోగము వచ్చినప్పుడు వైద్యుని యొద్దకు పోవుట యందఱు నెఱిగిన పనియే. వైద్యుడు చెప్పినదానిని విని, ప్రశ్నించి, గ్రహించి, ఆ మీదట తన దేహమునకు జరుగవలసినదానిని తానే నిర్ణయించుకొనుట మాత్రము కొందఱే యెఱిగిన పని. ఇది నేర్చుకొనవలసిన విద్య. కొంచెము ప్రకృతిశాస్త్రము, కొంచెము లెక్క, తన మనస్సులోని మాటను స్పష్టముగా చెప్పగల భాష యను మూడును దీనికి కావలయును. ఈ మూడును పాఠశాలలో నేర్పబడునవే గనుక, బాలబాలికలకును వారి తల్లిదండ్రులకును నిది తగిన పాఠమని తలంచి, స్త్రీల యారోగ్యమును గూర్చి జరిగిన కొన్ని గొప్ప పరిశోధనలను ఉదాహరణములుగా గైకొని దీనిని వ్రాయుచున్నాము.

1. పరీక్ష యెవరిమీద జరిగినది?

ఒక మందు మంచిదని విన్నప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: దానిని ఎవరికిచ్చి చూచిరి?

1982 వ సంవత్సరమున అమెరికా దేశమందు 22,071 మంది వైద్యులు తమపైనే యొక పరీక్ష జరుపుటకు సమ్మతించిరి. వారిలో సగము మంది దినము విడిచి దినము ఆస్పిరిన్ మాత్రను, తక్కిన సగము మంది అదే రూపమున నుండి మందు లేని ఉత్త మాత్రను పుచ్చుకొనిరి. ఎవరిది యే మాత్రయో వారికి తెలియదు. ఆస్పిరిన్ పుచ్చుకొన్నవారికి మొదటి గుండెపోటు నూటికి 44 వంతులు తక్కువగా వచ్చినదని 1989 లో ప్రకటించిరి. ఇది గొప్ప వార్తయే. కాని యా 22,071 మందిలో స్త్రీ యొక్కతెయు లేదు.

స్త్రీలకును ఫలితమట్లే యుండునా? ఈ ప్రశ్నకు సమాధానము 2005 లో లభించెను. 45 ఏండ్లు మొదలు పైబడిన యారోగ్యవంతులైన 39,876 మంది స్త్రీలను సుమారు పదియేండ్లు పరీక్షింపగా, ఆస్పిరిన్ వలన వారికి గుండెపోటు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. పక్షవాతము మాత్రము నూటికి 17 వంతులు తగ్గెను. రెండు పరీక్షలలోను మందు పాళ్లు ఒక్కటి కావు గనుక వీనిని సరిగా తూచి పోల్చుటకు వీలులేదు. అయినను పురుషులమీద తెలిసికొన్నదానిని స్త్రీలకు యథాతథముగా చెప్పరాదని యిందువలన తేలినది.

స్త్రీలను పరీక్షలనుండి తప్పించుటకు కారణము లేకపోలేదు. 1960 ప్రాంతమున థాలిడొమైడ్ అను మందును గర్భిణులు పుచ్చుకొనగా, అనేక దేశములలో కాలుసేతులు సరిగా ఏర్పడని శిశువులు వేలకొలది జన్మించిరి. ఆ భయముచేత, గర్భము ధరింపగల స్త్రీలను క్రొత్త మందుల తొలి పరీక్షలలో చేర్పరాదని 1977 లో అమెరికా మందుల శాఖవారు సూచించిరి. రక్షింపవలెనను తలంపుతో చేసిన యీ పని వేఱొక హానిని తెచ్చిపెట్టెను. మందులు స్త్రీలును వాడుచునే యుండిరి; పరీక్ష మాత్రము వారిమీద జరుగలేదు. 1993 లో ఈ సూచన మార్పబడెను. ప్రభుత్వధనముతో జరుగు వైద్యపరీక్షలలో స్త్రీలను చేర్చుకొనవలెనని ఆ సంవత్సరముననే యా దేశమున చట్టము చేయబడినది.

2. చూచుటకును పరీక్షించుటకును గల భేదము

స్త్రీలకు సాధారణముగా నలువదియైదు, ఏబదియైదేండ్ల నడుమ ముట్లుడుగును. అప్పుడు అండాశయములలో ఈస్ట్రోజెన్ అను హార్మోను పుట్టుట మిక్కిలి తగ్గును. అందుచేత కొందఱికి ఒడలినిండ ఆవిరులు లేచినట్లుండుట, రాత్రులు చెమటలు పట్టుట, నిద్ర చెడుట కలుగును. ఎముకలు క్రమముగా బలము కోల్పోవును. చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర ప్రెమారిన్ అను పేర 1942 లో అమెరికాలో ఆమోదింపబడెను. 1966 లో రాబర్ట్ విల్సన్ అను న్యూయార్కు వైద్యుడు ఒక గ్రంథము వ్రాసి, ముట్లుడుగుట యనునది హార్మోను కొఱతవలన కలుగు రోగమనియు, ఈ మందు స్త్రీని యౌవనవతిగా నిలుపుననియు చాటెను. లక్షలకొలది స్త్రీలు మాత్రలు వాడిరి. 1975 లో, ఒంటిగా ఈస్ట్రోజెన్ వాడిన స్త్రీలకు గర్భాశయపు లోపొరలో క్యాన్సరు హెచ్చుచున్నదని తెలియవచ్చెను. అప్పటినుండి గర్భాశయము గలవారికి ప్రొజెస్టిన్ అను రెండవ హార్మోనును జతచేసి యిచ్చుచు వచ్చిరి.

ఇట్లుండగా, హార్మోను మాత్రలు వాడు స్త్రీలకు గుండెజబ్బులు తక్కువగా నున్నవని పలువురు పరిశోధకులు గమనించిరి. కావున ఆవిరులు, చెమటలు లేకున్నను, గుండెకు రక్షణగా ముదుసళ్లకు గూడ నీ మాత్రలు ఇయ్యసాగిరి.

విద్యార్థులారా, ఇచ్చట కొంచెము నిలిచి యోచింపుడు. ఒక పాఠశాలలో నుదయము పాలు త్రాగి వచ్చు పిల్లలకు మార్కులు హెచ్చుగా వచ్చుచున్నవనుకొందము. ఆ మార్కులు పాలవలన వచ్చినవా? లేక పాలు కొనగలిగిన యింటిలో మంచి దీపమును, పుస్తకములును, చదివించు తల్లిదండ్రులును ఉండుటవలన వచ్చినవా? ఊరక చూచినంతమాత్రమున చెప్పలేము. హార్మోను మాత్రల విషయమును నిట్టిదే. వానిని వాడినవారు పెక్కుమంది చదువుకొన్నవారు, కలిగినవారు, తఱచుగా వైద్యునిచేత చూపించుకొనువారు. వారి గుండె బాగుండుటకు మాత్రయే కారణమో, వారి జీవనవిధానమే కారణమో తెలియదు.

ఈ చిక్కు విడదీయుటకు మార్గమొక్కటే. స్త్రీలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజింపవలెను. అట్లు చేసినయెడల కలిమి, చదువు, అలవాట్లు రెండు జట్లలోను సమానముగా పంచబడును. ఒక జట్టుకు మందు, రెండవ జట్టుకు ఉత్త మాత్ర నిచ్చి, కాలము గడచిన పిమ్మట లెక్క చూడవలెను. అప్పుడు కనబడు భేదము మందువలన కలిగినదేయని చెప్పవచ్చును.

1998 లో ఇట్టి పరీక్ష యొకటి ముగిసెను. అదివఱకే గుండెజబ్బు గల 2,763 మంది స్త్రీలను నాలుగేండ్లకు పైగా పరీక్షింపగా, హార్మోనులవలన గుండెకు మొత్తముమీద మేలు కలుగలేదు. ఇంతకంటె మిక్కిలి పెద్దదైన మఱియొక పరీక్ష యప్పటికే నడచుచుండెను. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలకు మొదటి మహిళాధ్యక్షురాలైన బెర్నడిన్ హీలీ యను వైద్యురాలి కాలమున, 1991 లో, "విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్" అను పేర నది యారంభింపబడినది. అందలి యొక భాగమున 50 మొదలు 79 ఏండ్ల వయస్సు గల 16,608 మంది స్త్రీలు, 40 కేంద్రములలో, రెండు జట్లుగా విభజింపబడిరి. ఎనిమిదిన్నర యేండ్లు నడువవలసిన యీ పరీక్ష సగటున 5.2 ఏండ్లకే, 2002 మే నెలలో, నిలిపివేయబడెను. ఏలయనగా మేలుకంటె కీడు హెచ్చుగా కనబడెను.

3. లెక్క చదువు విధము

ఆ సంవత్సరము జూలైలో ఫలితములు ప్రకటింపబడగానే పత్రికలన్నియు "రొమ్ము క్యాన్సరు 26 శాతము హెచ్చును" అని వ్రాసినవి. స్త్రీలు వెఱచి, ఎందఱో మాత్రలను ఒక్క దినముననే మానివేసిరి. 26 శాతమనగా నూటికి 26 మందికి క్యాన్సరు వచ్చునని కొందఱు తలంచిరి. అది సరికాదు. అసలు లెక్కను చూడుడు. పదివేల మంది స్త్రీలను ఒక యేడాది గమనించినయెడల:

రొమ్ము క్యాన్సరు: ఉత్త మాత్రవారిలో 30, మందువారిలో 38.
గుండెజబ్బు: ఉత్త మాత్రవారిలో 30, మందువారిలో 37.
పక్షవాతము: ఉత్త మాత్రవారిలో 21, మందువారిలో 29.
ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ: ఉత్త మాత్రవారిలో 8, మందువారిలో 16.
పెద్దపేగు క్యాన్సరు: ఉత్త మాత్రవారిలో 16, మందువారిలో 10.
తుంటియెముక విఱుగుట: ఉత్త మాత్రవారిలో 15, మందువారిలో 10.

30 నుండి 38 కి పెరిగినది 8. ఈ ఎనిమిదిని ముప్పదితో పోల్చి చెప్పినచో సుమారు 26 శాతము. పదివేలతో పోల్చి చెప్పినచో పదివేలకు 8. రెండును నిజమే. మొదటిది పోలిక లెక్క, రెండవది అసలు లెక్క. పోలిక లెక్క మాత్రమే విన్నవారికి భయము గాని యాశ గాని మితిమీఱి కలుగును. అసలు లెక్క విన్నవారికి పరిమాణము తెలియును. ప్రకటనలు చేయువారు మేలును పోలిక లెక్కలోను, కీడును అసలు లెక్కలోను చెప్పుట కద్దు. కావున శాతము వినబడినప్పుడెల్లను "దేనిలో శాతము? ఎందఱిలో ఎందఱు? ఎంత కాలములో?" అని యడుగుట యలవాటు చేసికొనవలెను.

పదివేలకు ఎనిమిది స్వల్పమని త్రోసివేయరాదు. ఒక్క స్త్రీకి నది చిన్న యపాయమే. కాని లక్షలకొలది స్త్రీలు, బాధ యేమియు లేకయే, ఏండ్ల తరబడి వాడు మందులో నట్టి కీడు దేశము మొత్తముమీద వేలమందిని తాకును. కనుకనే ఆరోగ్యవంతులకు గుండెరక్షణ కొఱకని యీ మాత్రల నిచ్చుట తగదని వైద్యలోకము తీర్మానించెను.

4. లెక్క చెప్పని సంగతి

ఈ పరీక్షలో చేరిన స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. వారిలో పెక్కుమందికి ముట్లుడిగి పదియేండ్లు దాటినది. ముట్లుడిగిన క్రొత్తలో ఆవిరులచే నిద్రలేక బాధపడు ఏబదియేండ్ల స్త్రీ సంగతి వేఱు. తరువాతి పరిశీలనలలో, 60 ఏండ్లలోపువారికిని, ముట్లుడిగి పదియేండ్లు దాటనివారికిని కీడు తక్కువగా నుండునని తెలిసినది. గర్భాశయము తీసివేయబడిన 10,739 మందికి ఒంటిగా ఈస్ట్రోజెన్ ఇచ్చిన రెండవ భాగము 2004 లో నిలిపివేయబడెను. అందు పక్షవాతము హెచ్చెను గాని రొమ్ము క్యాన్సరు హెచ్చలేదు. రెండు భాగములలోని 27,347 మందిని 18 ఏండ్లు గమనించి 2017 లో ప్రకటించిన లెక్కలో, మరణముల సంఖ్యయందు మందువారికిని ఉత్త మాత్రవారికిని భేదము లేకుండెను.

కాబట్టి "అందఱును వాడవలెను" అనుట 2002 కు ముందటి పొరపాటు. "ఎవరును వాడరాదు" అనుట ఆ తరువాతి పొరపాటు. మొదటి దానివలన అనవసరముగా కొందఱు రోగులైరి. రెండవ దానివలన ఉపశమనము పొందదగినవారు ఏండ్లకొలది బాధ ననుభవించిరి. ఎవరికి, ఏ వయస్సున, ఏ బాధకు, ఎంత కాలమునకు అను ప్రశ్నలకు వేఱు వేఱు సమాధానము లున్నవి.

5. నిర్ణయ సహాయపత్రములు

ఇన్ని సంగతులను వైద్యుడు కొద్ది నిమిషములలో చెప్పుటయు, రోగి జ్ఞాపకముంచుకొనుటయు సాధ్యమా? ఈ కష్టమును తీర్చుటకు కెనడా దేశమందలి ఆటవా నగరమున ఆనెట్ ఓకానర్ అను పండితురాలును ఆమె తోడివారును ఒక సాధనమును సిద్ధపఱచిరి. హార్మోను మాత్రలు వాడవలెనా వద్దా యని యోచించు స్త్రీల కొఱకు వారు చేసిన చిన్న పుస్తకమును, దానితోడి శబ్దపు టేపును పరీక్షించి 1998 లో ఫలితము ప్రకటించిరి. అట్టివానిని నిర్ణయ సహాయపత్రములని పిలువవచ్చును. అవి "ఇది చేయుము" అని యాజ్ఞాపింపవు. ఉన్న మార్గములన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి, ఒక్కొక్కదానివలని మేలుకీడులను నూటికి ఇందఱికి, వేయికి ఇందఱికి అని బొమ్మలతో చూపి, "వీనిలో నీకు ముఖ్యమైనదేది?" అని యడుగును.

ఈ చివరి ప్రశ్నయే ప్రాణము. ఒక స్త్రీకి రాత్రి నిద్రయే ముఖ్యము. తల్లికి రొమ్ము క్యాన్సరు వచ్చుట చూచిన మఱియొక స్త్రీకి ఆ భయము లేకుండుటయే ముఖ్యము. ఒకే లెక్కను చదివి యిద్దఱును రెండు నిర్ణయములు చేసికొనవచ్చును. రెండును సరియైనవే కావచ్చును.

ఇట్టి పత్రములవలన ప్రయోజనము కలదా? 2024 లో 209 పరీక్షలను, లక్షకు పైబడిన జనమును కలిపి చూచిన కాక్రేన్ సమీక్షవారు, వీనిని వాడినవారికి విషయజ్ఞానము హెచ్చెననియు, అపాయముల పరిమాణమును సరిగా గ్రహించిరనియు, తమ మనస్సునకు నచ్చిన చికిత్సనే కోరుకొనిరనియు చెప్పిరి.

మఱియొక పరీక్ష మనకు మిక్కిలి ఉపయోగకరమైనది. ఇంగ్లండు నైరృతిభాగమున ఆఱు ఆసుపత్రులలో, ముట్టు సమయమున అధిక రక్తస్రావముచే బాధపడు 894 మంది స్త్రీలను మూడు జట్లు చేసిరి. మొదటి జట్టుకు మామూలు వైద్యము. రెండవ జట్టుకు పుస్తకమును చలనచిత్రమును ఇచ్చిరి. మూడవ జట్టుకు వానితోపాటు, ఆమె కోరికలను విచారించు సంభాషణము నొకదానిని గూడ నేర్పఱచిరి. 2002 లో ప్రకటింపబడిన ఫలితమిది: గర్భాశయము తీయించుకొన్నవారు మొదటి రెండు జట్లలోను నూటికి 48 మంది, మూడవ జట్టులో నూటికి 38 మంది. పుస్తక మొక్కటియే చాలదు. కూర్చుండి మాటలాడువారు గూడ కావలెనని యిందలి నీతి.

6. మన తెలుగుదేశపు సంగతి

ఈ పాఠము మన యిండ్లకు దూరమైనది కాదు. 2015-16 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయబడినవారు దేశము మొత్తమున నూటికి 3.2. ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. మన స్త్రీల గర్భాశయములు తక్కిన దేశపు స్త్రీలవానికంటె రెండింతలు రోగగ్రస్తములని తలంచుటకు ఆధారము లేదు. కూలికి పోవు స్త్రీ కడుపునొప్పి యనియో, తెల్లబట్ట యనియో, రక్తము హెచ్చుగా పోవుచున్నదనియో చెప్పినప్పుడు, "సంచి తీసివేసిన పీడ వదలును, లేకున్న క్యాన్సరు వచ్చును" అను మాట విని, అప్పు చేసి ఆపరేషను చేయించుకొనుట మన పల్లెలలో వినబడు సంగతియే.

ఆ యాపరేషను కొన్ని యెడల ప్రాణరక్షకము. గర్భాశయపు క్యాన్సరునందును, కాన్పు సమయమున ఆగని రక్తస్రావమునందును దానిని మించిన మందు లేకపోవచ్చును. కాని తెల్లబట్ట పెక్కు పర్యాయములు మందులతో నయమగును. అధిక రక్తస్రావమునకు ట్రానెగ్జామిక్ ఆమ్లపు మాత్రలు, హార్మోను మాత్రలు, గర్భాశయములో నమర్చు హార్మోను సాధనము, కణితిని మాత్రము తీసివేయుట మొదలగు మార్గములు గలవు. ముట్లుడుగక మునుపే అండాశయములను గూడ తీసివేసినచో, ఆ స్త్రీకి ముట్లుడిగినవారి బాధలన్నియు నొక్కసారిగా వచ్చిపడును. ఎముకలు త్వరగా బలహీనపడును. అట్టి యువతులకు, అడ్డు కారణములు లేనియెడల, స్వభావముగా ముట్లుడుగు వయస్సువఱకు హార్మోను నిచ్చుట మంచిదని నేటి వైద్యము చెప్పుచున్నది. 50 ఏండ్లు దాటినవారిమీద జరిగిన పరీక్షను జూచి, 35 ఏండ్ల స్త్రీకి ఆ మందు నిరాకరించుట, పరీక్ష యెవరిమీద జరిగినదో యడుగకపోవుటయే.

మన దేశపు న్యాయము గూడ నీ విషయమున స్పష్టముగా నున్నది. 2008 జనవరిలో సుప్రీంకోర్టువారు, రోగపరీక్షకై యిచ్చిన సమ్మతిని గర్భాశయము తీయుటకు సమ్మతిగా నెంచరాదనియు, వయస్సు వచ్చి తెలివితో నున్న స్త్రీకి బదులుగా ఆమె తల్లి సమ్మతి చెల్లదనియు తీర్పు చెప్పిరి. ప్రాణాపాయమున మాత్రము మినహాయింపు గలదు. అనవసరముగా గర్భాశయములు తీయుటను ఆపుటకు కేంద్రప్రభుత్వమువారు 2022 లో సూచనలు ప్రకటింపగా, రాష్ట్రములన్నియు వానిని అమలుపఱుపవలెనని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టువారు ఆదేశించిరి.

7. అడుగవలసిన ప్రశ్నలు

చికిత్సకు సమ్మతించుటకు ముందు ప్రతి స్త్రీయు నీ క్రింది ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని పోవుట మేలు.

ఒకటి: నా రోగమేమి? అది యే పరీక్షవలన తెలిసినది?
రెండు: ఈ చికిత్సవలన నూటికి ఎందఱికి నయమగును?
మూడు: ఎందఱికి కీడు కలుగును? ఆ కీడెట్టిది?
నాలుగు: వేఱు మార్గము లేవి?
అయిదు: కొంతకాలము వేచి చూచినచో నేమగును?
ఆఱు: వీనిలో నాకు ముఖ్యమైనదేది?

మొదటి అయిదింటికి వైద్యుడు సమాధానము చెప్పవలెను. ఆఱవదానికి స్త్రీయే చెప్పుకొనవలెను. మంచి వైద్యుడు ప్రశ్నలకు కోపగింపడు. రోగి గ్రహించి చేసిన చికిత్స చక్కగా సాగునని యాయన యెఱుగును. ప్రశ్నించుటనగా జాగుచేయుట గాదు. ముట్లుడిగిన తరువాత రక్తము కనబడుట, రొమ్మున గడ్డ చేతికి తగులుట మొదలగు గుర్తులు కనబడినప్పుడు వెంటనే వైద్యుని చూడవలెను.

తండ్రులకును, అన్నదమ్ములకును ఒక్క మాట. ఆసుపత్రిలో కాగితముమీద చేవ్రాలు చేయు చేయి తఱచుగా మీదియే. ఆ కాగితము నామెకు చదివి వినిపించి, ఆమె మాట విని, ఆమెచేతనే చేవ్రాలు చేయింపుడు. చదువుకొన్న బాలిక తన తల్లి ప్రక్కను కూర్చుండి యీ ఆఱు ప్రశ్నలను అడుగగలిగినచో, ఆమె చదువునకు అంతకంటె మంచి వినియోగము వేఱొకటి యుండదు.

అభ్యాసము

1. ఒక మందువలన ఒక రోగము "సగమునకు సగము తగ్గును" అని ప్రకటించిరనుకొనుడు. మందు లేనియెడల ఆ రోగము పదివేల మందిలో నలుగురికి వచ్చును. మందు పుచ్చుకొన్న పదివేల మందిలో మేలు పొందువా రెందఱు? మేలు లేకయే మందు మ్రింగువా రెందఱు?
2. పైని మూడవ భాగమందలి ఆఱు లెక్కలలో, కీడు పోలిక లెక్కన మిక్కిలి హెచ్చుగా పెరిగిన రోగమేది? అసలు లెక్కన ఎంత పెరిగినది?
3. ఊరక చూచి తెలిసికొనుటకును, చీట్లు వేసి పరీక్షించుటకును గల భేదమును మీ యింటిలోని యుదాహరణముతో వివరింపుడు.
4. ఏడవ భాగమందలి ఆఱు ప్రశ్నలను పెద్ద యక్షరములతో నొక కాగితముమీద వ్రాసి మీ తల్లికి చదివి వినిపింపుడు.